శనివారం పుట్టిన పెద్దకొడుకు

ముందే చెప్పేస్తున్నాను, నేను శుక్రవారం పుట్టినదాన్ని. శుక్రవారం పుట్టినవాళ్ళకి నోరు ఆగదని మా దీవిలో పాలు తాగే పిల్లలక్కూడా తెలుసు. కాబట్టి డౌ ఓన్ టిన్ గురించి చెబుతూ చెబుతూ నేను పక్కదారి పట్టానంటే, తిట్టుకుంటే ఆ వారాన్ని తిట్టుకోండి, నన్ను కాదు.

డౌ ఓన్ టిన్ మా పక్కింటావిడ. డౌ అంటే మా బర్మాలో పెద్దావిడల పేరుకి ముందు పెట్టే గౌరవం. మోలమైన్‌లో పడవెక్కి ఏరు దాటి మా రేవులో దిగి ఎవర్నడిగినా "రబ్బరు ఓన్ టిన్ ఇల్లేగా?" అని చెయ్యి చూపిస్తారు. ఆవిడ పెరట్లో ఒక పాక ఉంది. అందులో రబ్బరు పాలకి రంగు కలిపి, నున్నటి కర్రలు ముంచి తీసి, ఎండలో ఆరబెట్టి, ఆరిన తొడుగుని గొట్టంలా ఒలిచి, సన్నగా చక్రాల్లా కోస్తాం. మీరు పొట్లాలకి చుట్టుకునే రబ్బరు బ్యాండ్లు అవే. కోసేదాన్ని నేను. నా పెళ్ళయిన కొత్తల్లో ఆ పాకలో చేరాను, అప్పట్నించీ ఆవిడ తిట్లు తింటూనే ఉన్నాను. తెగిన బ్యాండు ఒకటి నేలమీద కనిపిస్తే చాలు, "ఏమే థాన్ హ్లా, రబ్బరు తోటలేమన్నా నీ పుట్టింటివాళ్ళు రాసిచ్చారా?" అంటుంది. ఆవిడ ఆదివారం మనిషి. ఆదివారం వాళ్ళకి చెయ్యి బిగువు. తెగిన బ్యాండుకి ముడేసి తన జుట్టుకే కట్టుకుంటుంది.

ఆవిడకి ముగ్గురు పిల్లలు. మా దగ్గర కాన్పయిందనగానే, మంత్రసాని చేతులైనా కడుక్కోకముందే, అందరూ అడిగేది ఏ వారమనే. వారాన్ని బట్టి పేరు, వారాన్ని బట్టి గుణం. గురువారం పుట్టినవాళ్ళు నెమ్మదస్తులు. శుక్రవారం వాళ్ళు వాగుడుకాయలు, నాలాగే. శనివారం వాళ్ళకి ముక్కుమీద కోపం. ఇక తొలి కాన్పులో మగపిల్లాడు, అదీ శనివారం పుట్టాడంటే, ఆ ఇంట్లో నిప్పు పుట్టిందనే లెక్క. వాడెక్కడుంటే అక్కడ ఏదో ఒకటి తగలబడి తీరుతుందని మా ముసలమ్మలు గుండెలు బాదుకుంటారు.

ఓన్ టిన్‌కి తొలి కాన్పు మగపిల్లాడే, శనివారమే. వాడు టున్ నైంగ్. ఆ తర్వాత గురువారం నాడు కూతురు మే ఫ్యూ పుట్టింది, శుక్రవారం నాడు చిన్నోడు థీహా పుట్టాడు. ముగ్గురికీ వారాలు ఏదో సంతలో తారుమారయినట్టున్నాయి.

గురువారం పిల్ల మే ఫ్యూ నెమ్మదేమిటో చెబుతాను వినండి. ఒకసారి చేపలవాడు మెత్తబడిన చేప అంటగట్టాడని వీధి చివరిదాకా తరిమి, ఆ చేపని వాడి లుంగీలోనే దోపి పంపింది. దానికప్పుడు పట్టుమని పదేళ్ళు లేవు. శుక్రవారం పిల్లాడు థీహా వాగుడంటారా, వాడి నోటివెంట మాట ఊడిపడాలంటే పండగో పబ్బమో రావాలి. ఆకలేస్తే గిన్నె తెచ్చి ముందు పెడతాడు. జ్వరమొస్తే తల్లి చెయ్యి తీసి నుదుటిమీద పెట్టుకుంటాడు. బళ్ళో పంతులమ్మ చాలారోజులు వాణ్ణి మూగవాడనే అనుకుంది.

మరి శనివారం నిప్పు టున్ నైంగ్? దారిలో కోడి పడుకుని ఉంటే లేపడానికి మనసొప్పక చుట్టూ తిరిగి వెళ్ళే రకం. ఎవరైనా వాడి కాలు తొక్కితే వాడే క్షమించమని అడిగేవాడు. నోట్లో నాలుక లేదు. పెరిగి పెద్దవాడై, మీసాలొచ్చి, రబ్బరు పాల డబ్బాలు రెండు చేతులా రెండు మోసేంత కండ పట్టినా అంతే.

మా పేటవాళ్ళు తక్కువవాళ్ళా? వారం తప్పంటే ఒప్పుకుంటారా? మే ఫ్యూ నెమ్మది లోపలెక్కడో ఉందన్నారు. థీహా లోపల్లోపలే వాగుకుంటాడన్నారు. ఇక టున్ నైంగ్ సంగతికొస్తే, "నివురుగప్పి ఉంది, చూస్తూ ఉండండి" అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. వాడికి ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న జ్వరంతో పోతే, అప్పుడు కూడా కొందరి కళ్ళు వాడివైపే తిరిగాయి.

పిల్లల్ని పెంచడంలో ఓన్ టిన్‌ది ఒక పద్ధతి కాదు, మూడు పద్ధతులు. మే ఫ్యూతో అరుపులు. తల్లీకూతుళ్ళు మొదలుపెట్టారంటే కోళ్ళు మా పెరట్లోకి దూకేవి. "గాడిదా" అని ఈవిడ, "నీ కడుపునే పుట్టాగా" అని అది. అరగంట తర్వాత ఇద్దరూ ఒకే పళ్ళెంలో అన్నం తింటూ ఉండేవారు. థీహాతో అయితే ఆవిడే అడిగి ఆవిడే జవాబు చెప్పుకునేది. "పులుసు బాగుందిట్రా మొద్దూ? బాగుందమ్మా. ఇంకొంచెం వెయ్యనా? వెయ్యమ్మా." వాడు తింటూ తలూపేవాడు.

టున్ నైంగ్ దగ్గరికొచ్చేసరికి ఆ నోరు మరోలా అయిపోయేది. "నాన్నా, బాబూ, నువ్వు కూర్చో, నేను చేస్తా." వాడొక పొరపాటు చేస్తే మాకు ఊపిరి ఆగేది. ఒకరోజు పసుపు తొట్టిలో ఎర్రరంగు కలిపేశాడు. తొట్టెడు రబ్బరు పాలు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. ఇదే పని నేను చేసుంటే నా శవం ఏట్లో తేలేది. ఓన్ టిన్ మొహం కందగడ్డలా అయింది, గుటక వేసింది. "పర్లేదు నాన్నా, రంగులన్నాక కలుస్తాయి" అంది. అని వెనక్కి తిరిగి నన్ను తిట్టింది, పిల్లిని తిట్టింది, ఆ తొట్టిని తిట్టింది.

శనివారం శనివారం పగోడాకి వెళ్ళి, నైరుతి మూల శనివారం స్థానంలో ఉన్న విగ్రహానికి చెంబులకి చెంబులు నీళ్ళు పోసి వచ్చేది. శనివారానికి గుర్తు నాగు, అక్కడి రాతినాగుకి ఎప్పుడో జలుబు చేసే ఉంటుందని మేం నవ్వుకునేవాళ్ళం. కొడుకంటే ఆవిడకి భయమని మా అందరి నమ్మకం. నేనూ అదే అనుకున్నాను. పొద్దస్తమానం పక్కనే కూర్చుని బ్యాండ్లు కోస్తూ కూడా అదే అనుకున్నాను చూశారా, నా తెలివి అంతటిది.

అలాంటి టున్ నైంగ్ ప్రేమలో పడ్డాడు. మాకెలా తెలిసిందంటే, తాళ్ళ వల్ల. కర్రలు కట్టగట్టడానికి కొబ్బరి పీచు తాడు కావాలి. నెలకి ఒక చుట్ట సరిపోయేది. వీడు రోజుకొక చుట్ట తేవడం మొదలుపెట్టాడు. పాకలో ఓ మూలంతా తాళ్ళే, ఓడని కట్టెయ్యొచ్చు. ఓన్ టిన్ ఆ గుట్టని చూసేది, గుటక వేసేది, పిల్లిని తిట్టేది.

చివరికి మే ఫ్యూ అడిగేసింది. "అన్నయ్యా, నిజం చెప్పు. తాడు కోసం వెళ్తున్నావా, తాళ్ళావిడ కూతురి కోసం వెళ్తున్నావా?"

వాడు చెవులదాకా ఎర్రబడి, "రెండూ బాగుంటాయి" అన్నాడు.

పిల్ల పేరు ఖిన్ చో. సోమవారం పుట్టింది. సోమవారం వాళ్ళకి పులి లక్షణం, అసూయ ఎక్కువ. అదొక్కటి మాత్రం అచ్చుగుద్దినట్టు సరిపోయింది. వీడు నాతో మాట్లాడినా ఆ పిల్ల మూతి మూడు వంకర్లు తిరిగేది. నా కూతురి వయసు దానిది.

మంచిరోజు చూసుకుని ఓన్ టిన్, నేను, మే ఫ్యూ అరటి గెలా కొబ్బరికాయలూ పట్టుకుని పిల్లనడగడానికి వెళ్ళాం. పిల్ల తల్లి డౌ యీ మాన్ మమ్మల్ని చాపమీద కూర్చోబెట్టి, ఊరేసిన తేయాకు, వేయించిన వెల్లుల్లి, వేరుశనగలు పళ్ళెంలో పెట్టి, టీ పోసింది. మర్యాదకేం లోటు చెయ్యలేదు. ఒక్కతే కూతురు కాబట్టి అల్లుడు తమ ఇంటికే రావాలంది. దానికి మేం సిద్ధపడే వెళ్ళాం.

"పిల్లాడు బంగారం, కాదనను" అంది యీ మాన్. "వేరే వారమైతే ఈపాటికి ముహూర్తం పెట్టేసేదాన్ని."

"వారానిదేముంది చెల్లీ" అంది ఓన్ టిన్.

"వారానిదేముందా? అక్కా, ఒక్కసారి తల పైకెత్తు."

ఎత్తాం. దూలాల దాకా కొబ్బరి పీచు.

"ఇప్పుడు కిందికి చూడు."

వెదురు నేల సందుల్లోంచి చూశాం. ఇంటి కింద పీచు. పెరట్లో ఆరబోసిన పీచు. పైన ఆకుల కప్పు.

"చూశావుగా. ఈ ఇంట్లోకి శనివారం పెద్దకొడుకుని తెచ్చి పెట్టుకోమంటావా? మీవాడు గట్టిగా తుమ్మితే మేమంతా బూడిద."

మే ఫ్యూ దిగ్గున లేచింది. "మా అన్నయ్య తుమ్మితే నిప్పులు రాలవు. చీమిడే వస్తుంది, మీ అందరిలాగే!"

నేను దాని లుంగీ పట్టి కిందికి లాగాను. యీ మాన్ నావైపు తిరిగి, "ఈ పిల్లది ఏ వారం?" అంది.

"గురువారం" అన్నాను. "నెమ్మదస్తురాలు."

ఓన్ టిన్ మాత్రం ఒక్క మాట తూలలేదు. నాకదే ఆశ్చర్యం. కొడుకు పెళ్ళి కాబట్టి నోరు కట్టేసుకుని కూర్చుంది. "పోనీ చెల్లీ, ఊ న్యోని అడుగుదాం. ఆయన కుదరదంటే నేను మళ్ళీ నీ గుమ్మం తొక్కను" అంది. ఇంటికెళ్ళే దారిలో ఎదురొచ్చిన కుక్కలన్నింటికీ మూడిందనుకోండి.

ఊ న్యో మా జ్యోతిష్కుడు, ఊ అంటే పెద్దాయన అని. రేవు దగ్గర పాకలో కూర్చుని పలకమీద లెక్కలేస్తాడు. మర్నాడు ఇద్దరు తల్లులూ అటొకరు ఇటొకరు కూర్చున్నారు, మధ్యలో నేను. నన్నెవరూ పిలవలేదు, అయినా వెళ్ళాను. ఆయన గడులు గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు.

"నిప్పు ఉంది" అన్నాడు. యీ మాన్ నావైపు చూసి తలాడించింది. "కానీ ఇంతవరకూ బయటికి రాలేదు. మూతపెట్టిన నిప్పుతోనే ప్రమాదం. ఒక్కసారి బయటికొచ్చేస్తే చల్లారిపోతుంది. ఆ అబ్బాయి నలుగురూ చూస్తుండగా ఒక్కసారి కోప్పడాలి. మనసారా కోప్పడాలి. నటిస్తే చెల్లదు."

"ఎక్కడ కోప్పడాలి?" అంది యీ మాన్.

"ఎక్కడైనా ఫర్లేదమ్మా."

"అయితే వాళ్ళింట్లోనే" అంది. "భిక్షువుల వర్షావాసం మొదలయ్యే లోపల కావాలి. ఆ తర్వాత మూడు నెలలు ఎలాగూ పెళ్ళిళ్ళుండవు. అన్నాళ్ళు నేను ఆగలేను. థాటన్ ఊరినుంచి మంచి సంబంధం ఒకటి వచ్చి కూర్చునుంది. మంగళవారం పిల్లాడు, ఏ గొడవా లేదు."

అలా వచ్చిపడింది మా నెత్తిన. వాడికి కోపం తెప్పించాలి, లేదంటే పిల్ల థాటన్ వెళ్ళిపోతుంది. టున్ నైంగ్‌కి సంగతంతా చెప్పాం. చెబితే నిజం కోపం రాదేమోనని నేనన్నాను గానీ, మే ఫ్యూ అప్పటికే వీధి చివరనుంచి అరుచుకుంటూ వచ్చి చెప్పేసింది. వాడు శ్రద్ధగా విని, "తప్పకుండా ప్రయత్నిస్తాను" అన్నాడు.

మొదట మే ఫ్యూ పూనుకుంది. తనకున్న తిట్లన్నీ వాడిమీద కుమ్మరించింది. అడుగు దూరంలో నిలబడి, నడుంమీద చేతులు పెట్టుకుని, మా పేట మగాళ్ళు కూడా సిగ్గుపడే మాటలు తిట్టింది. వాడు ఓపిగ్గా విని, "నీ గొంతు బొంగురుపోయింది, కాస్త బెల్లం నీళ్ళు తాగు" అన్నాడు. దానికి వాడిమీద నిజంగానే ఒళ్ళు మండి, ఏడ్చి, అన్నం తినకుండా పడుకుంది. వాడే వెళ్ళి బతిమాలి తినిపించాడు.

థీహా మాటలమనిషి కాదు కాబట్టి పనిలో చూపించాడు. అన్న కొత్త లుంగీ తీసి, బ్యాండ్లు కోసే కత్తితో నిలువునా చీల్చి, చేతికిచ్చాడు. టున్ నైంగ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చక్కగా మధ్యకి చీల్చావురా. ఇద్దరికీ చెరో కండువా వస్తుంది" అన్నాడు. థీహా కత్తి కింద పడేసి నెత్తి కొట్టుకున్నాడు.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. నోరున్నది ఇలాంటప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? "ఒరే అబ్బాయ్, పడవ నడిపే కుర్రాడు లేడూ, ఖిన్ చో వాడితో నవ్వుతూ మాట్లాడుతుంటే కళ్ళారా చూశాను" అన్నాను. "వాడు మంచోడే అక్కా. సొంత పడవ కూడా ఉంది" అన్నాడు టున్ నైంగ్. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నా ప్రాణం ఉసూరుమంది. ఈ మాట ఎలా చేరిందో ఖిన్ చోకి చేరింది, ఆ పిల్ల పీచు కొట్టే కర్ర పట్టుకుని నా మీదికొచ్చింది. ఆ రోజుల్లో దీవిలో కోపాలకేం కరువు లేదు. రావలసిన ఒక్కడికి తప్ప అందరికీ వచ్చాయి.

పున్నమి రానే వచ్చింది. మర్నాడే వర్షావాసం మొదలు. ఆ మధ్యాహ్నం డౌ యీ మాన్ కూతుర్ని వెంటబెట్టుకుని మా పేటకొచ్చి, ఓన్ టిన్ పెరట్లో పీట వేయించుకుని కూర్చుంది. ఎందుకైనా మంచిదని పక్కన బకెట్టుతో నీళ్ళు కూడా పెట్టుకుంది. విషయం తెలిసి పేటంతా కంచెచుట్టూ చేరింది. పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని మరీ వచ్చారు. టున్ నైంగ్ పెరటి మధ్యలో నిలబడ్డాడు. పాపం, కోపం కోసం కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి బిగించాడు. బుగ్గలు ఉబ్బాయి. ఆవులింత వచ్చింది.

"ఇక లాభం లేదక్కా" అంది యీ మాన్ లేస్తూ. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "పిల్లాడు మంచోడు. అదే నా భయం. ఇంత మంచితనం కింద ఎంత పోగుపడుంటుందో. థాటన్ వాళ్ళకి మాటిచ్చేస్తాను." ఖిన్ చో మొహం కప్పుకుని ఏడుపు లంకించుకుంది.

ఓన్ టిన్ ఉరికింది. నేనెప్పుడూ ఆవిణ్ణి అలా చూడలేదు. కొడుకు ముందు నిలబడి, రెండు చేతుల్తో వాడి మొహం పట్టుకుని, పసిపిల్లాణ్ణి బుజ్జగించినట్టు మొదలుపెట్టింది.

"నాన్నా, ఒక్కసారి కోప్పడు నాన్నా. నా బంగారు కదూ. అమ్మ ఏమీ అనుకోదు. నీకెలా వీలైతే అలా, మెల్లగానే..."

"అలా మాట్లాడకు!" అన్నాడు టున్ నైంగ్.

గట్టిగానే అన్నాడు. కంచె దగ్గర గుసగుసలు ఆగిపోయాయి.

"అదికాదు బాబూ..."

"బాబూ లేదు, నాన్నా లేదు!" వాడి గొంతు చీలిపోయింది. "మే ఫ్యూని గాడిదా అంటావు. థీహాని మొద్దూ అంటావు. థాన్ హ్లా అక్కని రోజూ తిడతావు. ఆఖరికి పిల్లిని కూడా తిడతావు! ఈ ఇంట్లో నీ తిట్టు తినని ప్రాణి నేనొక్కణ్ణే. తొట్టెడు పాలు పాడుచేశాను, పర్లేదు నాన్నా అన్నావు. పాక నిండా తాళ్ళు నింపాను, ఒక్క మాట లేదు. పరాయివాళ్ళ పిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడతావు నాతో! ఎందుకో నాకు తెలీదనుకుంటున్నావా? ఊరందరికీ నేనంటే భయం. వాళ్ళని నేనేమీ అనుకోను. కానీ నువ్వు... నువ్వు మా అమ్మవి కదా! నీక్కూడా భయమేనా?"

పక్కన ఆరబెట్టిన కర్ర ఒకటి లాగి విసిరికొట్టాడు. అది పోయి గడ్డివామి పక్కన పడుకున్న కోడి దగ్గర పడింది. కోడి లేచి పారిపోయింది. వాడు కోపంలోనే అటు తిరిగి దానికి దణ్ణం పెట్టి క్షమాపణ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

ఓన్ టిన్ చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"భయమా?" అంది చివరికి. "నువ్వంటే నాకు భయమా? నా కడుపున పుట్టినవాడివి, నిన్ను చూసి నేను భయపడతానట్రా? మీ నాన్న పోయిన రోజు మీ పెద్దత్త ఇదిగో, ఇక్కడే నిలబడి, తండ్రిని మింగి కూర్చున్నాడని నీ మొహానే అంది. నీకు గుర్తుందో లేదో. ఆరేళ్ళు నీకు. అన్నం గిన్నె పట్టుకుని నిలబడున్నావు. ఏడవలేదు. గిన్నె కింద పెట్టేసి, ఇంకెప్పుడూ అన్నం అడగనులే అమ్మా అన్నావు."

టున్ నైంగ్ ఏదో అనబోయాడు. ఆవిడ అననివ్వలేదు.

"వాళ్ళిద్దర్నీ ఎంత తిట్టినా వాళ్ళకి నా తిట్టు నా తిట్టులాగే వినిపిస్తుంది. దులుపుకుని పోతారు. నిన్ను ఒక్క మాటంటే, అది మీ అత్త మాటలా వినిపిస్తే? అమ్మ కూడా అలాగే అనుకుంటోందని నువ్వు మళ్ళీ గిన్నె కింద పెట్టేస్తే? అందుకని మింగాను. నీమీద వచ్చిన ప్రతి మాటా మింగాను. నీకు భయపడి కాదురా, నీకోసం భయపడి. నా నోరు నీకు తెలుసు కదా! ఈ నోరు పెట్టుకుని నీ ముందు ఇన్నేళ్ళు మూసుకుని కూర్చోవడమంటే ఎంత యాతనో తెలుసా? తొట్టెడు రంగుపాలు నాశనం చేశావు కదరా, గాడిదా!"

ఆ గాడిదా అన్న మాట వినగానే కంచె దగ్గర ఎవరో హమ్మయ్య అన్నారు. టున్ నైంగ్ నోరు తెరిచి తల్లివైపు చూస్తున్నాడు.

ఇక అక్కణ్ణించి ఆనకట్ట తెగింది. ఓన్ టిన్ లుంగీ ఎగదోపుకుని మొదలుపెట్టింది. బళ్ళో పలక పోగొట్టిన దగ్గర్నించి ఏడాది వరసన ఎత్తుకుంది. సైకిలు చక్రం వంకర తిప్పి తెచ్చినరోజు, మామిడిచెట్టెక్కి దిగలేక పొద్దంతా అక్కడే కూర్చున్నరోజు, మిఠాయిలన్నీ వేరే పిల్లలకి పంచేసి తాను ఖాళీ చేతులతో వచ్చినరోజు, ఏదీ వదల్లేదు. "చవటా! దద్దమ్మా! నీకని దాచిందంతా ఊరికి పంచుతావా?" ఆవిడ గొంతు రేవుదాకా పోయింది. అటునుంచి ఇంకొందరు పరుగెత్తుకొచ్చారు.

డౌ యీ మాన్ బకెట్టు పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నేనావిడ పక్కకి చేరాను.

"కోప్పడ్డాడు కదా, చెల్లుతుందిగా?" అన్నాను.

"కోప్పడ్డాడు, కోడికి దణ్ణం కూడా పెట్టాడు" అంది. ఓన్ టిన్ వైపు గడ్డంతో చూపించింది. "థాన్ హ్లా, నాకిప్పుడర్థమైంది. ఈ ఇంట్లో నిప్పు ఉన్నమాట నిజమే. ఎవరిలో ఉందో మనమే పొరబడ్డాం. పిల్లాడు మా ఇంటికొస్తాడు. ఆవిడ ఇక్కడే ఉంటుంది. ఇంక నా పీచుకేం భయం?" బకెట్టు నీళ్ళు అరటిచెట్టు మొదట్లో పోసేసి, కూతురి వీపుమీద ఒకటిచ్చి, "ఏడుపాపి లోపలికెళ్ళి అన్నం వండు. వర్షావాసం అయిన మర్నాడే పెళ్ళి" అంది.

"మూడు నెలలు ఆగలేనన్నావుగా?" అన్నాను.

"థాటన్ వాళ్ళ కోసం ఆగలేనన్నాను" అంది, నా నోరు మూయిస్తూ.

జనం మెల్లగా ఇళ్ళకి మళ్ళారు. మే ఫ్యూ, ఖిన్ చో కలిసి పొయ్యి వెలిగించారు. థీహా చాప పరిచి గిన్నెలు పెట్టి, "అన్నయ్యా, అన్నం" అన్నాడు. ఆ ఏడాదిలో వాడి నోటినుంచి నేను విన్న మాటలు ఆ రెండే. టున్ నైంగ్ కదల్లేదు. పాక మెట్టుమీద కూర్చుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని, రాత్రి నాటకం చూసే పిల్లాడిలా తల్లినే చూస్తున్నాడు. ఆవిడ వేలు ఆడిస్తూ ఇంకా తిడుతూనే ఉంది. వాడి చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

నేను వెళ్ళి భుజం తట్టాను. "లేరా, అన్నం చల్లారిపోతుంది. ఆవిడకేం, తెల్లార్లూ తిడుతుంది."

"కాసేపుండక్కా" అన్నాడు. "ఇంకా నా పన్నెండేళ్ళప్పటి తిట్ల దగ్గరే ఉంది."